చెవిలో మృదంగం

పిల్లలూ! బెజవాడ నుంచి గుడివాడ మీదుగా బందరు వెళ్ళే రైలు ఎక్కితే ఒక వింత చూడవచ్చు. పెట్టెలో ఉన్న చదువుకునే పిల్లల్లో చాలామంది చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయి. ఒకరు సినిమాపాట వింటూ ఉంటారు, ఒకరు అన్నమయ్య కీర్తన, మరొకరు పరీక్ష పాఠం. చుట్టూ రైలు చప్పుడు, పల్లీలమ్మే అతని కేక, చంటిపిల్ల ఏడుపు. ఇంత గోలలోనూ ఎవరి కచేరీ వారిదే!

ఆ కచేరీ చేసే వస్తువు చూడబోతే బఠాణీ గింజ కన్న కాస్త పెద్దది. దాని వెల మటుకు ఐదారు వందల రూపాయలు మొదలుకొని లక్ష రూపాయలు దాటి కూడా ఉన్నది. ఒకటి కొన్న ఆరు నెలలకే అంతకన్న మేలైనది కావాలని మనస్సు లాగుతుంది. ఇంట్లో అడిగితే, "ఉన్నది బాగానే మోగుతున్నదిగా!" అంటారు నాన్నగారు. ఎవరి మాట సరైనది? అసలు "మేలైనది" అంటే ఏమిటి? ఎక్కువ ధర గలదా? ఎక్కువ గట్టిగా మోగేదా?

రెండూ కాదు. తక్కువ మోతలోనే పాటను ఎక్కువ వివరంగా వినిపించేది మంచి ఇయర్‌ఫోను. ఈ సూత్రం తెలిస్తే కొనేటప్పుడు మోసపోము. ఉన్నదాన్ని మార్చాలా వద్దా అన్నది కూడా మనమే తేల్చుకోగలం. అన్నిటికన్న ముఖ్యం, చెవులు దక్కుతాయి. అదెట్లాగో వరసగా చూద్దాం.

గుండీ అంత లౌడుస్పీకరు

శ్రీరామనవమి పందిట్లో పెట్టిన లౌడుస్పీకరు పెట్టె మీరు చూసే ఉంటారు. పాట మోగేటప్పుడు దాని ముందు చెయ్యి పెడితే గాలి తగులుతుంది. లోపల పళ్ళెమంత గుండ్రని పొర ఒకటి ముందుకూ వెనక్కూ ఆడుతూ ఉంటుంది. ఆ పొర వెనక రాగితీగ చుట్ట, దాని చుట్టూ అయస్కాంతం ఉంటాయి. తీగచుట్టలో విద్యుత్తు పారినప్పుడు అది కూడా అయస్కాంతమై, ఒకసారి ముందుకు నెట్టబడుతుంది, ఒకసారి వెనక్కు లాగబడుతుంది. దానితో పొర ఊగుతుంది. పొర ఊగితే గాలి ఊగుతుంది. గాలి ఊగితే మనకు పాట వినిపిస్తుంది.

మీ ఇయర్‌ఫోనులో ఉన్నదీ సాధారణంగా ఇదే యంత్రం. పొర మాత్రం పళ్ళెమంత ఉండదు. చొక్కా గుండీ అంత, లేదా అంతకన్న చిన్నదిగా ఉంటుంది.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. పందిట్లో మృదంగం గుమకలు వినిపించటానికి పళ్ళెమంత పొర కావలసి వచ్చింది కదా, గుండీ అంత పొర ఆ పని ఎట్లా చేస్తుంది?

జవాబు సులువే. పందిట్లో స్పీకరు ఊపవలసిన గాలి పందిరంత. చెవిలో ఇయర్‌ఫోను ఊపవలసిన గాలి చెంచాలో పావు వంతు! మన చెవి రంధ్రం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. దాని చివర సుమారు ఒక సెంటీమీటరు వెడల్పున కర్ణభేరి ఉంటుంది. ఈ చిన్న గొట్టంలోని గాలిని ఊపటానికి గుండీ అంత పొర చాలు.

కాని దీనికొక షరతు ఉన్నది. ఆ గొట్టం బయటి నుంచి పూర్తిగా మూసుకుపోయి ఉండాలి. సైకిలు పంపు సంగతి తెలుసుగా? లోపలి వాషరు అరిగిపోతే ఎంత కొట్టినా గాలి ఎక్కదు, పక్క నుంచి జారిపోతుంది. అరిగిన పంపును మెల్లగా నొక్కితే గాలంతా తప్పించుకుంటుంది. విసురుగా నొక్కితే తప్పించుకునే వ్యవధి లేక కొంతైనా లోపలికి పోతుంది. ఇయర్‌ఫోనులోనూ అంతే. మృదంగం గుమకల వంటి మంద్రధ్వనులు గాలిని నిదానంగా ఊపుతాయి. తాళాల వంటి తారధ్వనులు గాలిని వేగంగా ఊపుతాయి. చెవిలో సందు ఉంటే నిదానంగా ఊగే మంద్రధ్వని జారిపోతుంది, తారధ్వని మిగులుతుంది. అప్పుడు పాట రేకు డబ్బాలో నుంచి వచ్చినట్టు ఉంటుంది.

ఇయర్‌ఫోను చివర మెత్తటి రబ్బరు తొడుగు ఉంటుంది చూశారా? దానినే టిప్పు అంటారు. మన పంపుకు వాషరు అదే!

కోడిపిల్లకు ఉన్న వరం

ఇయర్‌ఫోను గురించి ఇంత తెలుసుకున్నాక, దాని అవతల ఉన్న యంత్రాన్ని కూడా చూడాలి కదా. కర్ణభేరి వెనక మూడు బుల్లి ఎముకలు ఒకదానికొకటి తగులుకొని ఉంటాయి. వాటిలో కడపటిది మన శరీరంలోని ఎముకలన్నిటిలోకీ చిన్నది. పొడవు సుమారు మూడు మిల్లీమీటర్లు. దాని వెనక నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన గొట్టమున్నది. దానిని కాక్లియా అంటారు. అందులో ద్రవం నిండి ఉంటుంది. ఆ ద్రవంలో సన్నటి వెంట్రుకల వంటి మొనలు గల కణాలు వరసలు తీరి ఉంటాయి. ఒక్కొక్క చెవిలో ఇవి సుమారు 15,000. పంటకాలువ పక్క వరిచేను గాలికి ఊగినట్టు, శబ్దానికి ఈ మొనలు ఊగుతాయి. అవి ఊగితేనే మెదడుకు కబురు అందుతుంది.

మామూలు గాలికి ఊగిన చేను మళ్ళీ నిలబడుతుంది. తుపానుకు పడిపోయిన చేను లేవదు. గట్టి మోతను గంటల తరబడి భరించిన కణాలు మొదట అలసిపోతాయి. పాట ఆపిన తరువాత చెవి దిబ్బడ వేసినట్టు ఉండటం, లోపల గుయ్యిమని రొద రావటం ఆ అలసటకు గుర్తు. రోజూ ఇట్లాగే జరిగితే కొన్ని కణాలు చచ్చిపోతాయి.

కోడిపిల్లకు ఈ కణాలు పోతే మళ్ళీ పుట్టుకొస్తాయి. ఈ సంగతి శాస్త్రజ్ఞులు 1980ల్లో కనుక్కున్నారు. మనిషికి ఆ వరం లేదు. పుట్టుకతో వచ్చినవే కడదాకా వాడుకోవాలి. ఇయర్‌ఫోను పాతబడితే బీసెంటు రోడ్డుకు పోయి కొత్తది తెచ్చుకుంటాం. కాక్లియా ఏ అంగట్లోనూ దొరకదు.

గట్టి మోతకు ముందు పోయేవి తరచుగా తారధ్వనులను పట్టుకునే కణాలు. అందుచేత మొదట పాటకు లోటు వచ్చినట్టు తోచదు. మాటకు లోటు వస్తుంది. "స", "శ" వంటి అక్షరాలు తారధ్వనులతో పలుకుతాయి. అవి చెవికి అందకపోతే మాష్టారు "సీత" అన్నప్పుడు పిల్లవాడికి "ఈత" అని వినిపిస్తుంది! వాడు శ్రద్ధగా విననందువల్ల కాదు, చెవికి ఆ అక్షరం చేరనందువల్ల. తల్లిదండ్రులు ఈ మాట గమనించాలి. టీవీ మోత పెంచమని అడగటం, పిలిస్తే పలకకపోవటం, ప్రతి మాటకూ "ఆఁ?" అనటం అలవాటైతే, కోప్పడే ముందు చెవి డాక్టరుకు చూపించటం మంచిది.

మోత తగ్గించటానికి పుట్టినవి

ఈ వస్తువు చరిత్ర కూడా ఆసక్తిగానే ఉంటుంది. 1910 ప్రాంతంలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియల్ బాల్డ్విన్ అనే ఆయన తన వంటింట్లోనే తలకు తగిలించుకునే హెడ్‌ఫోన్లు తయారుచేసి, అమెరికా నౌకాదళానికి అమ్మాడు. ఓడల్లో వైర్‌లెస్ సందేశాలు వినటానికి అవి పనికివచ్చాయి. 1979లో జపానుకు చెందిన సోనీ సంస్థ వాక్‌మన్ తెచ్చింది. అప్పటి నుంచి పాటను వెంటబెట్టుకొని తిరగటం లోకమంతా అలవాటైంది.

చెవి లోపలికి చేరి, రంధ్రాన్ని మూసే ఇయర్‌ఫోన్ల కథ వేరు. వాటి వెనక ఉన్నది వినికిడి యంత్రాల విద్య. 1991లో అమెరికాలోని ఎటిమోటిక్ సంస్థ అట్లాంటి ఇయర్‌ఫోను ఒకటి తెచ్చింది. ఆ సంస్థను నెలకొల్పిన మీడ్ కిలియన్ వినికిడి శాస్త్రంలో పండితుడు. 1995లో జెర్రీ హార్వే అనే శబ్ద నిపుణుడు వాన్ హేలన్ అనే వాద్యబృందంలో డ్రమ్ములు వాయించే అలెక్స్ కోసం, చెవి అచ్చు తీసి ప్రత్యేకంగా ఇయర్‌ఫోన్లు తయారుచేశాడు. అంతవరకూ వేదిక మీద కళాకారులకు తమ వాయిద్యం తమకు వినపడాలంటే పక్కన పెద్ద స్పీకర్లు పెట్టవలసి వచ్చేది. డ్రమ్ముల మోతను మించి స్పీకరు, స్పీకరును మించి డ్రమ్ములు! చెవి రంధ్రం మూసేస్తే బయటి మోత తగ్గింది, లోపల చిన్న శబ్దమే చాలింది.

చూశారా! ఈ రకం ఇయర్‌ఫోను గొప్పతనం గట్టిగా మోగటంలో లేదు. బయటి గోలను ఆపి, మెల్లగా వినిపించటంలో ఉన్నది. సరిగ్గా కూర్చున్న టిప్పు బయటి మోతను 15, 20 డెసిబెళ్ళ దాకా తగ్గించగలదు. డెసిబెల్ అంటే మోతకు కొలమానం. మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెళ్ళు ఉంటుంది. ఈ కొలతలో పది పెరిగితే శబ్దశక్తి పదింతలు అవుతుంది. కనుక 20 తగ్గటం చిన్న విషయం కాదు. చెవికి చేరే రొదలో నూరింట ఒక వంతే మిగులుతున్నదన్నమాట! రైల్లో టిప్పు వదులుగా ఉన్నవాడు రొదను మించి పాట పెంచుకోవాలి. టిప్పు సరిగ్గా కుదిరినవాడు ఇంట్లో పెట్టుకున్నంత మోతతోనే వినవచ్చు.

ముగ్గురు పరీక్షాధికారులు

ఇక కొనే సంగతి. ఇయర్‌ఫోనును పరీక్షించటానికి మన సంగీతంలోనే ముగ్గురు మంచి పరీక్షాధికారులు ఉన్నారు.

మొదటివారు మృదంగం. దాని ఎడమ మూతికి మధ్యన, వాయించే ముందు తడి రవ్వముద్ద అద్దుతారు. ఆ బరువు వల్ల చర్మం నిదానంగా ఊగి గుమకలు పలుకుతాయి. కుడి మూతికి మధ్యన నల్లటి కరణి ఉంటుంది. అది స్వరం పలుకుతుంది. ఇప్పుడు మృదంగం బాగా వినిపించే పాట ఒకటి పెట్టి, ఇయర్‌ఫోనును చెవిలో వదులుగా ఉంచండి. కుడి దెబ్బలు టకటకమని వినిపిస్తాయి, ఎడమ గుమకలు మాయమవుతాయి. మెల్లగా లోపలికి నొక్కండి. టిప్పు కుదిరిన క్షణాన గుమక ఎక్కడి నుంచో వచ్చి కూర్చుంటుంది! నొక్కి పట్టుకున్నంతసేపు వినిపించి, చెయ్యి తీయగానే పోతే టిప్పు మీకు చిన్నదన్నమాట. పెట్టెలో మూడు సైజుల టిప్పులు ఇస్తారు. మూడూ మార్చి చూడండి. కొందరికి కుడిచెవి ఒక సైజు, ఎడమచెవి ఒక సైజు ఉంటుంది. అందులో సిగ్గుపడవలసింది లేదు. రెండు చెవులకు రెండు సైజులు పెట్టుకోవచ్చు.

పెట్టుకునే పద్ధతి కూడా ఒకటున్నది. చెవి రంధ్రం తిన్నగా ఉండదు, కొంచెం వంకర తిరిగి ఉంటుంది. తల వెనక నుంచి రెండో చెయ్యి పోనిచ్చి, చెవిని కొద్దిగా పైకీ వెనక్కూ లాగితే రంధ్రం తిన్ననవుతుంది. మాష్టారు మెలిపెట్టినట్టు కాదు సుమా, సుతారంగా! అప్పుడు ఇయర్‌ఫోను పెట్టి చెవి వదిలేయండి. నొప్పి పుడితే ఆ సైజు పెద్దది. మరీ చిన్నపిల్లలకు చెవిలో దూర్చేవి అసలు వద్దు.

రెండవవారు తంబూరా. పాట పెట్టి, వాల్యూము తగ్గిస్తూ పొండి. గాత్రం సన్నగా వినిపించే దగ్గర ఆగండి. వెనక తంబూరా శ్రుతి ఇంకా తెలుస్తున్నదా? తెలిస్తే ఆ ఇయర్‌ఫోను తక్కువ మోతలోనే వివరం చెప్పగలదన్నమాట. గాత్రం మటుకే మిగిలి శ్రుతి మాయమైతే, దాన్ని వినటానికి మీరు రోజూ వాల్యూము పెంచుతూ పోతారు.

మూడవవారు మనిషి గొంతు. యంత్రం మారితే గొంతు మారిపోయిన సంగతి చెవి వెంటనే పట్టేస్తుంది. మీకు బాగా పరిచయమైన గొంతునే ఎన్నుకోండి. ఘంటసాలగారు గాని, బాలమురళీకృష్ణగారు గాని, ఇప్పటి గాయకులెవరైనా గాని. జలుబు చేసినట్టు గాని, గొట్టంలో నుంచి పాడినట్టు గాని వినిపిస్తే ఆ ఇయర్‌ఫోను పరీక్ష తప్పినట్టే.

ఈ ముగ్గురినీ నిజంగా ఒకసారి దగ్గరగా విని ఉంటే తీర్పు చెప్పటం మరీ సులువు. బెజవాడలో ఘంటసాలగారి పేరుతో ప్రభుత్వ సంగీత కళాశాల ఉన్నది. పండుగలకు ఊళ్ళలో కచేరీలు, కూచిపూడి ప్రదర్శనలు జరుగుతాయి. నూజివీడు వీణలకు పేరు మోసింది. అసలు మృదంగం, అసలు వీణ ఎట్లా పలుకుతాయో తెలిసిన పిల్లవాడిని ఏ అంగడివారూ మాయచెయ్యలేరు.

అంగట్లో జాగ్రత్తలు

ఏలూరు రోడ్డులో గాని, బీసెంటు రోడ్డులో గాని రెండు ఇయర్‌ఫోన్లు పక్కపక్కన పెట్టి వినే అవకాశం వస్తే ఒక మాట గుర్తుంచుకోండి. ఒకే పాటను రెండు యంత్రాల మీద వినిపిస్తే, కొంచెం గట్టిగా మోగేదే మేలైనదని మన చెవికి తోస్తుంది. ఇది మనిషి స్వభావం. కనుక రెండింటి మోతా సమానంగా ఉండేటట్టు వాల్యూము సర్దిన తరువాతనే పోల్చాలి. ఇంకా మంచి పద్ధతి, కళ్ళు మూసుకొని కూర్చుని, అన్నయ్యనో అక్కయ్యనో వాటిని మార్చి మార్చి పెట్టమనటం. ఏది ఖరీదైనదో తెలియనప్పుడు చెవి నిజం చెబుతుంది. ఇతరులు పెట్టుకొని చూసిన టిప్పులు మీ చెవిలో పెట్టుకోవద్దు. మీ పాత టిప్పులు జేబులో వేసుకుపోయి, అవి కుదిరితే తొడిగి చూడండి.

పెట్టె మీద "20 నుంచి 20,000 హెర్ట్‌జ్" అని రాసి ఉంటుంది. సెకనుకు 20 సార్లు మొదలు 20,000 సార్లు ఊగే ధ్వనులను అది పలుకుతుందని దాని అర్థం. మనిషి చెవి పట్టగలిగిన హద్దులు కూడా సుమారు అవే. దాదాపు ప్రతి పెట్టె మీదా ఇదే రాసి ఉంటుంది గనుక దీన్ని బట్టి మంచిచెడ్డలు తేలవు. "ఓములు" అని మరో అంకె ఉంటుంది. 16 నుంచి 32 దాకా ఉంటే సెల్‌ఫోను సాధారణంగా సులువుగా మోగించగలదు. లోపల పొరలు, యంత్రాలు నాలుగున్నాయి, ఆరున్నాయి అని గొప్పగా రాస్తారు. కూర లోపల ఎన్ని దినుసులు పడ్డాయన్నది కాదు, వండినవారికి చెయ్యి తిరిగి ఉన్నదా లేదా అన్నది ముఖ్యం. ఒక్క పొరతోనే చక్కగా పలికేవి ఎన్నో ఉన్నాయి.

వైరుదా, వైరు లేనిదా? వైరు లేనిదానితో చిక్కుముళ్ళ బాధ ఉండదు. కాని దానిలో చిన్న బ్యాటరీలు ఉంటాయి. కొన్నేళ్ళకు వాటి సత్తువ తగ్గుతుంది. చాలా రకాల్లో వాటిని మార్చటానికి వీలుండదు, అప్పుడు యంత్రమంతా పారవెయ్యాలి. వైరుదానికి బ్యాటరీ అక్కర లేదు, అదే ధరకు సాధారణంగా మంచి పలుకు దొరుకుతుంది. ఇందులో ముందు తెగేది వైరే. కనుక వైరు ఊడదీసి మార్చుకోవటానికి వీలున్నవి కొంటే చాలాకాలం మన్నుతాయి. ఇప్పటి సెల్‌ఫోన్లు చాలావాటికి ఇయర్‌ఫోను గుచ్చే గుండ్రని రంధ్రం లేదు. అట్లాంటివాటికి చార్జింగు రంధ్రంలో గుచ్చే చిన్న అడాప్టరు కావాలి. సాధారణమైనది చాలు.

బయటి రొదను ఎదురు శబ్దంతో అణచివేసే ఇయర్‌ఫోన్లు కూడా ఉన్నాయి. అమెరికాలో పుట్టిన అమర్ బోస్ తండ్రి బెంగాలువారు. 1978లో విమానంలో ప్రయాణిస్తూ, ఇంజను హోరులో పాట వినలేక, ఈ పద్ధతి గురించి ఆయన ఆ ప్రయాణంలోనే లెక్కలు వేశారు. రైలు హోరు, విమానం హోరు వంటి ఎడతెగని మంద్రధ్వనుల మీద ఇది బాగా పనిచేస్తుంది. హఠాత్తుగా వినిపించే మాటల మీద, కేకల మీద అంతగా పనిచెయ్యదు.

మార్చే ముందు చూడవలసినవి

ఉన్న ఇయర్‌ఫోను మీద మనస్సు విరిగితే వెంటనే కొత్తది కొనవద్దు. తక్కువ ఖర్చు నుంచి ఎక్కువ ఖర్చుకు వరసగా రండి.

మొదట శుభ్రం చూడండి. ఒక పక్క మెల్లగా వినిపిస్తున్నదంటే, దాని మూతి మీది జల్లెడలో గులిమి చేరి ఉండవచ్చు. టిప్పు ఊడదీసి సబ్బునీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. జల్లెడను కిందికి వంచి, పొడి మెత్తటి బ్రష్షుతో తుడవండి. పిన్నీసుతో పొడవకండి. యంత్రాన్ని గాని, మీ చెవిని గాని!

తరువాత టిప్పు. పాతబడి గట్టిపడిన టిప్పు మూయదు. కొత్త టిప్పులు విడిగా దొరుకుతాయి. రబ్బరువి కుదరనివారికి స్పాంజివంటి నురుగు టిప్పులు ఉన్నాయి. వాటిని వేళ్ళతో నలిపి చెవిలో పెడితే, మెల్లగా ఉబ్బి రంధ్రానికి సరిపోతాయి. వెయ్యి రూపాయల ఇయర్‌ఫోను సరైన టిప్పుతో ఉంటే, వదులు టిప్పుతో ఉన్న పదివేల రూపాయలదానికన్న బాగా వినిపించగలదు.

మూడవది, పాట ఎక్కడి నుంచి వస్తున్నది? పాటలు వినిపించే యాప్‌లలో శబ్దం నాణ్యతకు మెట్లు ఉంటాయి. డేటా ఆదా చెయ్యటానికి కింది మెట్టు పెట్టి ఉంటే సన్నటి వివరాలు కొన్ని పోతాయి. పై మెట్టుకు మార్చి వినండి. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

నాలుగవది, మీరు కోరేది ఆ పాటలో అసలు ఉన్నదా? ఘంటసాలగారు 1922లో గుడివాడ దగ్గరి చౌటపల్లిలో జన్మించారు. ఆయన పాటలున్న పాతాళభైరవి 1951లో, మాయాబజార్ 1957లో వచ్చాయి. ఆ నాటి రికార్డింగు ఒకే శబ్దమార్గంలో చేసేవారు. రెండు చెవులకూ ఒకే ధ్వని వస్తుంది. వీణ కుడివైపు, వేణువు ఎడమవైపు వినిపించలేదని ఇయర్‌ఫోనును నిందించి లాభం లేదు. లక్ష రూపాయలది పెట్టినా అది రాదు, పైగా పాత రికార్డు గరగర మరింత స్పష్టంగా వినిపించవచ్చు!

1948 డిసెంబరు 1న బెజవాడలో ఆకాశవాణి కేంద్రం ప్రారంభమయింది. బాలమురళీకృష్ణగారు అక్కడ పనిచేసిన రోజుల్లో భక్తిరంజని కార్యక్రమం తెల్లవారుజామున ఇల్లిల్లూ మేలుకొలిపింది. మీడియం వేవు మీద తారధ్వనులు సరిగ్గా అందవు. అయినా మీ తాతయ్యలు, అమ్మమ్మలు ఆ పాటలు ఈ నాటికీ చెప్పుకుంటారు. గొంతులోని భావం చేరటానికి అంతమాత్రం యంత్రం చాలింది.

ఈ నాలుగూ చూసిన తరువాత కూడా, తంబూరా వినటానికి వాల్యూము పెంచవలసి వస్తున్నదంటే, అప్పుడు మంచి ఇయర్‌ఫోనుకు మారటం న్యాయమే. నాన్నగారికి ఈ కారణం చెప్పండి. "కొత్తది వచ్చింది" అన్నమాట కన్న "తక్కువ మోతలో వినవచ్చు" అన్నమాటకు బలం ఎక్కువ.

మన డెల్టాలో మరి కొన్ని జాగ్రత్తలు

కృష్ణా డెల్టా తేమగాలి నేల. వేసవిలో చెమట, వానాకాలంలో చెమ్మ. మూసి ఉన్న చెవిలో తేమ నిలిస్తే బూజు వంటి శిలీంధ్రం పెరిగి, దురద, నొప్పి పుడతాయి. అందుచేత కృష్ణలో మునిగివచ్చిన తరువాతా, తలంటుకున్న తరువాతా చెవులు బాగా ఆరిన తరువాతే ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి. గంటకొకసారి తీసి చెవికి గాలి తగలనివ్వాలి. ప్రాణస్నేహితుడికైనా మీ ఇయర్‌ఫోను అరువివ్వకండి, వారిది మీరు పెట్టుకోకండి. మందుసీసాల్లో, చెప్పుల పెట్టెల్లో తేమ పీల్చే గుళికల పొట్లం వస్తుంది. దాన్ని ఇయర్‌ఫోను డబ్బాలో వేసి ఉంచితే మంచిది. ఆ పొట్లం చిన్నపిల్లల చేతికి మటుకు అందనివ్వకండి.

చెవి మూసుకుంటే పాట బాగా వినిపిస్తుందన్నాను. వెనక నుంచి వచ్చే లారీ హారను కూడా వినిపించదు. రోడ్డు మీద, కాలువగట్టు మీద సైకిలు తొక్కేటప్పుడు, రైలుపట్టాల దగ్గర, ప్లాటుఫారం అంచున ఇయర్‌ఫోన్లు జేబులోనే ఉండాలి. ఇందులో మినహాయింపు లేదు.

చివరికి ఒక లెక్క

ఎంత మోత, ఎంతసేపు? ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికొక లెక్క చెప్పింది. పెద్దలైతే 80 డెసిబెళ్ళ మోతను వారానికి 40 గంటలు వినవచ్చు. పిల్లలకు 75 డెసిబెళ్ళయితేనే 40 గంటలు. ఆపైన ప్రతి మూడు డెసిబెళ్ళకూ సమయం సగమవుతుంది. అంటే పిల్లలకు 78 అయితే 20 గంటలు, 81 అయితే 10 గంటలు, 84 అయితే 5 గంటలు, 87 అయితే రెండున్నర గంటలు.

కొన్ని సెల్‌ఫోన్లు డెసిబెళ్ళ లెక్క చూపుతాయి. చూపనివారికి సులువైన గుర్తు ఒకటున్నది. వాల్యూము నూటికి 60 దాటనివ్వకండి. బారెడు దూరంలో ఉన్నవారు మామూలుగా మాట్లాడితే వినిపించకపోయినా, మీ పాట పక్కవారికి వినిపించినా మోత ఎక్కువైందని గ్రహించండి. టిప్పు బాగా కుదిరినప్పుడు మెల్లటి పాటకే పక్కవారి మాట వినిపించకపోవచ్చు. అప్పుడు వాల్యూము అంకెనే నమ్మండి.

ఇప్పుడు పలక తీయండి. ఒక పిల్లవాడు వారానికి ఆరు రోజులు గుడివాడ నుంచి బెజవాడకు వచ్చిపోతూ, రోజుకు రెండు గంటలు 84 డెసిబెళ్ళతో పాటలు వింటున్నాడు. వాడి వారపు వాటా ఏ రోజున అయిపోతుంది? టిప్పు మార్చుకొని, 9 డెసిబెళ్ళు తగ్గించుకుంటే వారం చివర వాడికి ఎన్ని గంటలు మిగులుతాయి? లెక్క వేసి, ఆ తరువాత అదే లెక్క మీ సొంత గంటలతో వేసి, అమ్మానాన్నలకు చూపించండి.